కొనడానికి తగిన వేళ

మన సామెతలలో పరస్పరం విరోధించేవి కొన్ని ఉన్నాయి. ‘ఆలస్యం అమృతం విషం’ అన్నది ఒకటి. ‘నిదానమే ప్రధానం’ అన్నది మరొకటి. కాలయాపన చేస్తే అమృతం సైతం విషమవుతుందని మొదటిది హెచ్చరిస్తుంది. తొందరపాటు తగదని రెండవది వారిస్తుంది. వీటిలో ఏది సత్యమని అడిగితే రెండూ సత్యాలేనని ఒప్పుకోక తప్పదు. ఏ సందర్భంలో దేనిని పాటించాలో తేల్చి చెప్పేది వివేకం. ఆ వివేకానికి పరీక్ష పెట్టే ఆధునిక సందర్భాలలో కంప్యూటరు కొనుగోలు ఒకటి.

కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ రాబోతున్నదన్న వార్త వెలువడిన ప్రతిసారీ, కంప్యూటరు కొనడానికి సిద్ధపడిన కుటుంబాలు సందిగ్ధంలో పడతాయి. ఇప్పుడే కొంటే నాలుగు నెలలలో అది పాతబడిపోతుందేమోనన్న భయం ఒకవైపు. ఆగితే చదువు కుంటుపడుతుందేమోనన్న ఆందోళన మరొకవైపు. మధ్యతరగతి ఇంటికి కంప్యూటరు ఏటేటా కొనే వస్తువు కాదు. చీటీ పాడిన సొమ్ముతోనో, పంట అమ్మిన సొమ్ముతోనో కొన్న ఆ యంత్రం అయిదారేళ్ళయినా అక్కరకు రావాలి. కనుక ఈ సందేహం చిన్నదిగా కనిపించినా తేలికగా తోసిపుచ్చదగినది కాదు.

ముందుగా ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో తెలుసుకోవాలి. కంప్యూటరులో స్థూలంగా మూడు అంతస్తులు ఉంటాయి. అడుగున ఉండేది హార్డ్‌వేర్. ప్రాసెసర్, మెమొరీ, డిస్క్, తెర, కీబోర్డు మొదలైన భౌతిక భాగాలన్నీ దీని కిందికి వస్తాయి. పైన ఉండేవి మనం పని చేయించుకొనే ప్రోగ్రాములు. ఉత్తరం రాయడానికి ఒకటి, లెక్కలు వేయడానికి ఒకటి, బొమ్మలు గీయడానికి మరొకటి. ఈ రెండింటి నడుమ నిలిచి, ఏ ప్రోగ్రాముకు ఎంత మెమొరీ కేటాయించాలో, ఏ ఫైలును డిస్కులో ఎక్కడ భద్రపరచాలో, ప్రింటరుకు ఏ ఆజ్ఞ పంపాలో నిర్ణయించేదే ఆపరేటింగ్ సిస్టమ్. దీనిని నాటక ప్రదర్శనలోని సూత్రధారునితో పోల్చవచ్చు. ప్రేక్షకుల దృష్టి పాత్రల మీదనే నిలుస్తుంది. కాని పాత్రధారులను, వాద్యాలను, రంగస్థలాన్ని సమకూర్చే సూత్రధారుడు లేకపోతే ఏ పాత్రా రంగం మీదికి రాదు.

సూత్రధారుడు మారినప్పుడు రంగస్థలం కూడా అందుకు తగినట్లుగా ఉండాలి. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ సాధారణంగా పాతదానికంటే ఎక్కువ మెమొరీని, ఎక్కువ వేగాన్ని కోరుతుంది. ప్రింటరు, స్కానరు వంటి ప్రతి పరికరానికీ దానితో మాట్లాడగల ‘డ్రైవర్’ అనే చిన్న ప్రోగ్రాము కావాలి. పాత పరికరాలకు కొత్త డ్రైవర్లు వెంటనే రావు. కొన్నింటికి ఎన్నటికీ రావు. ఇక మూడవ విషయం మద్దతు గడువు. తయారుచేసిన సంస్థ కొంతకాలం వరకే ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌లోని లోపాలను సవరిస్తూ ఉంటుంది. ఆ గడువు తీరాక యంత్రం పనిచేస్తూనే ఉంటుంది గాని, కొత్తగా బయటపడే లోపాల నుండి దానికి రక్షణ ఉండదు. ఈ మూడు అంశాలను గుర్తుంచుకొంటే మన సందేహంలో సగం తీరినట్లే.

ఈ విషయంలో నేను రెండుసార్లు పొరపాటు పడ్డాను. ఆ రెండు అనుభవాలను చెప్పడం వల్ల విషయం మరింత సుబోధకమవుతుందని తలుస్తున్నాను.

2001 జూన్‌లో నేను పరిశోధక విద్యార్థిని. ప్రబంధ సాహిత్యం మీద రాస్తున్న సిద్ధాంత గ్రంథాన్ని ఆ ఏడాది చివరికి సమర్పించవలసి ఉంది. సికిందరాబాదులో విడిభాగాలు కూర్చిన ఒక కంప్యూటరు కొన్నాను. అందులో విండోస్ 98 ఉన్నది. మెమొరీ 64 ఎం.బి. మరి నాలుగు నెలలలో కొత్త విండోస్ వస్తున్నది, ఆగమని మిత్రుడొకరు చెప్పినా నేను వినలేదు. 2001 అక్టోబరు 25న విండోస్ ఎక్స్‌పీ విడుదలయింది. నా గ్రంథం సకాలంలో పూర్తయింది. కాని ఆ తరువాత అసలు చిక్కు ఎదురయింది.

ఆనాడు మేము తెలుగు టైపు చేసుకొన్న ఫాంట్లలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంకేత పద్ధతి ఉండేది. ఒక ఫాంటులో రాసిన వ్యాసాన్ని ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే, తెలుగు అక్షరాలకు బదులు అర్థం లేని ఆంగ్లాక్షరాలు ప్రత్యక్షమయ్యేవి. ఈ అవస్థను తొలగించేది యూనికోడ్. ప్రపంచ భాషలన్నింటికీ ఒకే సంకేత పట్టికను ఏర్పరచిన ఈ ప్రమాణంలో, 1991లో వెలువడిన తొలి కూర్పులోనే తెలుగు లిపికి స్థానం లభించింది. కాని పట్టికలో స్థానం ఉంటే చాలదు. గుణింతాలను, ఒత్తులను సరిగా కూర్చి తెర మీద చూపే శక్తి ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఉండాలి. విండోస్ 2000లో దేవనాగరికి, తమిళానికి ఆ సౌకర్యం కలిగింది. తెలుగుకు అది విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది. ‘గౌతమి’ అనే తెలుగు ఫాంటు కూడా దానితోపాటే వచ్చింది. మిత్రులు యూనికోడ్ తెలుగులో పంపిన లేఖలు నా తెర మీద వరుస వరుసలుగా ఖాళీ గడులై కనిపించేవి. తెలుగు బోధించే నాకు నా యంత్రంలోనే తెలుగు కనిపించలేదు.

ఎక్స్‌పీని వేయించాను. దానికి కనీసం 64 ఎం.బి. మెమొరీ చాలునని, 128 ఎం.బి. ఉంటే మంచిదని తయారీ సంస్థ పేర్కొన్నది. నా యంత్రం కనీస అర్హత గలది మాత్రమే. ఒక ఫైలు తెరవమని చెప్పి, లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చినా అది తెరుచుకొనేది కాదు. ‘కొత్తది రాకముందు కొనడమే నా తప్పు’ అని అప్పుడు నిశ్చయించుకొన్నాను. ఆ నిశ్చయమే రెండవ పొరపాటుకు దారితీసింది.

2005లో మా మేనల్లుడు ఎం.సి.ఏ. కోర్సులో చేరాడు. మా బావగారు కంప్యూటరు కోసం చీటీ పాడి 30,000 రూపాయలు సిద్ధం చేసి నన్ను సలహా అడిగారు. ఆ జూలైలోనే రాబోయే విండోస్‌కు ‘విస్టా’ అని నామకరణం జరిగింది. 2006లో వస్తుందని ప్రకటన వెలువడింది. “ఒక్క ఏడాది ఓపిక పట్టండి, బావగారూ. నాలాగా తొందరపడవద్దు” అని చెప్పాను. చదువుకున్నవాడు చెప్పాడు గదా అని వారు ఆగారు. ‘ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్న సామెత ఆనాడు నాకు స్ఫురించలేదు. పేరు పెట్టినంత మాత్రాన బిడ్డ పుట్టినట్లు కాదు. 2006 మార్చిలో ఆ సంస్థ గడువు మార్చింది. సాధారణ వినియోగదారులకు విస్టా 2007 జనవరి 30న గాని అందలేదు.

ఈలోగా మా మేనల్లుడు ప్రోగ్రాములు నేర్చుకొన్నది ఇంటర్నెట్ కేంద్రంలో. గంటకు 15 రూపాయలు. రోజుకు రెండు గంటలు. నెలకు ఇరవై రోజులు. అంటే నెలకు 600 రూపాయలు. పద్దెనిమిది నెలలకు 10,800 రూపాయలయింది. ఈ ఖర్చు ఆ 30,000 రూపాయలలో నుంచే పోయింది. 2007 ఫిబ్రవరిలో, మూడేళ్ళ కోర్సు సగం గడిచాక, మిగిలిన సొమ్ముతో విస్టా ఉన్న కంప్యూటరు కొన్నాడు. ఆ సొమ్ముకు 512 ఎం.బి. మెమొరీ గల యంత్రమే దొరికింది. విస్టాకు అది కనీస అర్హత. దాని హంగులన్నీ సాఫీగా నడవాలంటే ఒక జి.బి. మెమొరీ, తగిన గ్రాఫిక్స్ సామర్థ్యం కావాలి. ఇంట్లో ఉన్న పాత ప్రింటరుకు కొత్త డ్రైవరు రాలేదు. కళాశాల ప్రయోగశాలలో ఉన్నవన్నీ ఎక్స్‌పీ యంత్రాలే. రెండు నెలలు కష్టపడి, చివరకు విస్టాను తొలగించి మళ్ళీ ఎక్స్‌పీనే వేసుకొన్నాడు. పద్దెనిమిది నెలలు ఎదురుచూసిన వస్తువును రెండు నెలలు కూడా వాడలేదు. ఆ కుర్రవాడు నన్ను ఒక్క మాట అనలేదు. అందువల్లనే ఆ సంగతి నేను ఇప్పటికీ మరచిపోలేదు.

కనీస అర్హతను నమ్మి నష్టపోయినవారు మన దేశంలోనే కాదు, ఇతర దేశాలలోనూ ఉన్నారు. విస్టా రాకముందు, 2006లో అమ్మిన అనేక కంప్యూటర్ల మీద ‘విస్టాకు సమర్థం’ అనే అర్థంలో ఒక ముద్ర అంటించి ఉండేది. వాటిలో కొన్ని విస్టాలోని ప్రాథమిక కూర్పును మాత్రమే నడపగలిగేవి. ఆ కూర్పులో, ప్రకటనలలో చూపిన పారదర్శకమైన కొత్త రూపమే లేదు. ఈ విషయమై 2007లో అమెరికాలో కొనుగోలుదారులు మైక్రోసాఫ్ట్ సంస్థ మీద వ్యాజ్యం వేశారు. విచారణ క్రమంలో 2008లో సంస్థ అంతరంగిక లేఖలు బయటికి వచ్చాయి. 2,100 డాలర్లు పెట్టి తాను కొన్న యంత్రం ఈ-మెయిలు చూసుకోవడానికి మాత్రమే మిగిలిందని ఆ సంస్థ ఉపాధ్యక్షుడొకరే వాపోయినట్లు వాటివల్ల తెలిసింది. కొనుగోలుదారులందరి పక్షాన ఒకే వ్యాజ్యంగా నడపడానికి ఇచ్చిన అనుమతిని న్యాయస్థానం 2009లో ఉపసంహరించింది. వ్యాజ్యం ఫలితం ఎట్లున్నా అది నేర్పిన పాఠం స్పష్టం: కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఒక యంత్రంలో నడవడం వేరు, చక్కగా నడవడం వేరు.

ఇప్పుడు నా రెండు పొరపాట్లను పక్కపక్కన ఉంచి చూద్దాం. 2001లో నేను కొనడం నిజానికి తప్పు కాదు. ఆ యంత్రం లేకపోతే గ్రంథం సకాలంలో పూర్తయ్యేది కాదు. రాబోయే ఆపరేటింగ్ సిస్టమ్ ఎంత మెమొరీ కోరుతుందో విచారించి, ఆనాడే 128 ఎం.బి. పెట్టించుకోకపోవడం నా తప్పు. 2005లో నేను ఆగమనడం తప్పు. చదువు మొదలయిన నాడే అవసరం మొదలయింది. రాబోయే వస్తువుకు రూపం గాని, నికరమైన తేదీ గాని లేదు. రెండు సందర్భాలలోనూ నేను ‘కొత్తది ఎప్పుడు వస్తుంది?’ అన్న ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగాను. అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి.

పైగా, కొత్తదాని కోసం ఆగడం అనే తర్కానికి అంతం లేదు. విడుదలయిన తొలినాళ్ళలో ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ లోపాలు బయటపడతాయి. వాటిని సవరించిన కూర్పు వచ్చేదాకా ఆగడం మేలని నిపుణులే చెబుతారు. విస్టా లోపాలను సవరించే తొలి సర్వీస్ ప్యాక్ 2008లో వచ్చింది. 2009 అక్టోబరు 22న విండోస్ 7 విడుదలయింది. విడుదల కోసం ఒక ఏడాది, సవరణ కోసం మరొక ఏడాది ఆగినవానికి, అప్పటికే తరువాతి దాని పేరు వినిపిస్తుంది. 2012లో విండోస్ 8, 2015లో విండోస్ 10, 2021లో విండోస్ 11 వచ్చాయి. ఒడ్డున నిలబడి అలలు తగ్గాక స్నానం చేద్దామనుకొనేవానికి స్నానం ఎన్నటికీ జరగదు. ఆ నిరీక్షణకు హద్దు గీయగలిగేది అవసరం ఒక్కటే.

అలాగని విచారించకుండా కొనమని దీని అర్థం కాదు. విచారించవలసిన విషయాలు నాలుగు.

మొదటిది, కంప్యూటరు ఏ పనికి, ఎప్పటికి కావాలి? కోర్సు, ఉద్యోగం, ప్రాజెక్టు వంటి నిర్ణీతమైన తేదీ ఉంటే ఆ తేదీకి ముందే కొనాలి. పని ఇంకా ఆరు నెలల దూరంలో ఉన్నా, ఇంట్లో ఉన్న యంత్రంతో పని జరిగిపోతున్నా ఆగడంలో నష్టం లేదు.

రెండవది, రాబోయేదాని సంగతి ఎంతవరకు నికరంగా తెలుసు? విడుదల తేదీ, దానికి కావలసిన హార్డ్‌వేర్ వివరాలు ప్రకటించబడి, ఆ తేదీ ఒకటి రెండు నెలల లోపు ఉంటే నిరీక్షణ సమంజసం. వట్టి పేరు మాత్రమే వినిపిస్తుంటే దానిని లెక్కలోకి తీసుకోనక్కరలేదు. కొత్తదానిలో మన పనికి అత్యవసరమైన సౌకర్యం ఏదైనా ఉన్నదా అన్నది కూడా చూడాలి. ఎక్స్‌పీలో తెలుగు అటువంటి సౌకర్యం. విస్టాలోని పారదర్శకమైన తెర అటువంటిది కాదు.

మూడవది, ఈనాడు కొనే యంత్రం రేపటి ఆపరేటింగ్ సిస్టమ్‌ను మోయగలదా? కనీస అర్హతను కాక, అంతకు రెట్టింపు సామర్థ్యాన్ని దృష్టిలో ఉంచుకోవాలి. మెమొరీ పెంచుకోవడానికి ఖాళీ స్థానం ఉన్నదేమో అడగాలి. పలుచని ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి మెమొరీని మదర్‌బోర్డుకే అతికించి ఉంచుతారు. వాటిలో తరువాత పెంచుకొనే వీలు ఉండదు. మెమొరీ ఒక్కటే చాలదన్న సంగతి విండోస్ 11తో తేటతెల్లమయింది. అది కనీసం 4 జి.బి. మెమొరీతోపాటు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా సాధనాన్ని కూడా కోరింది. ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణంగా ఎనిమిదవ తరానికి ముందువాటిని అధికారికంగా అంగీకరించలేదు. అందువల్ల బాగా పనిచేస్తున్న యంత్రాలు ఎన్నో విండోస్ 10 దగ్గరే ఆగిపోయాయి.

నాలుగవది, మార్పిడికి అయ్యే ఖర్చు ఎంత, మద్దతు ఎంతకాలం? 2006 అక్టోబరు 26 నుండి 2007 మార్చి 15 వరకు, అర్హత గల ఎక్స్‌పీ యంత్రాలు కొన్నవారికి విస్టాను ఉచితంగానో తగ్గింపు ధరకో ఇచ్చే ఏర్పాటు ఉండేది. విండోస్ 7, 8.1 వాడేవారికి 2015లో విండోస్ 10ను ఒక ఏడాది పాటు ఉచితంగా ఇచ్చారు. విండోస్ 10 ఉన్న అర్హమైన యంత్రాలకు విండోస్ 11 కూడా ఉచితంగానే అందింది. ఇటువంటి హక్కు ఉన్నప్పుడు ముందుగా కొన్నవాడు నష్టపోయేది లేదు. యంత్రానికి అర్హత ఉంటే చాలు, ఆపరేటింగ్ సిస్టమ్ దాని వెంట తానే వస్తుంది. మద్దతు గడువును కూడా చూసుకోవాలి. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ముగిసింది. చవకగా దొరుకుతున్నదని వాడిన ల్యాప్‌టాప్ కొనే విద్యార్థి, ధర కంటే ముందుగా ఈ తేదీలను పరిశీలించాలి. గడువు తీరిన దానితో బ్యాంకు లావాదేవీలు జరపడం తలుపు గడియ వేయకుండా నిద్రపోవడం వంటిది.

గడువు తీరిన యంత్రం ఎందుకూ కొరగాదని అనుకోనక్కరలేదు. లైనెక్స్ ఆధారంగా తయారైన ఉబుంటు వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉచితంగా లభిస్తాయి. 2004లో మొదలైన ఉబుంటుకు ఏటా ఏప్రిల్, అక్టోబరు నెలలలో కొత్త కూర్పు వస్తుంది. రెండేళ్ళకొకసారి వచ్చే దీర్ఘకాలిక కూర్పుకు అయిదేళ్ళ మద్దతు ఉంటుంది. రాక ఇంత క్రమబద్ధంగా ఉన్నప్పుడు, కొత్తది వచ్చేదాకా కంప్యూటరు కొనకుండా ఆగాలన్న ఆలోచనే ఎవరికీ కలగదు. అయితే మన కోర్సుకు అవసరమైన ప్రోగ్రాములు దానిలో నడుస్తాయో లేదో ముందుగా తెలుసుకోవాలి.

ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానం దొరికితే, కొనవలసిన వేళ ఏదో ఎవరికి వారే నిర్ణయించుకోగలరు. అవసరం ముంచుకొని వచ్చినప్పుడు ‘ఆలస్యం అమృతం విషం’ అన్న మాటను, యంత్రాన్ని ఎన్నుకొనేటప్పుడు ‘నిదానమే ప్రధానం’ అన్న మాటను పాటించాలి. అప్పుడు ఆ రెండు సామెతల మధ్య విరోధం తొలగిపోతుంది. కొనే తేదీని అవసరం నిర్ణయిస్తుంది; కొనే వస్తువును విచారణ నిర్ణయిస్తుంది.

మా మేనల్లుడు ఇప్పుడు ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉద్యోగి. ఇటీవల ఎనిమిదవ తరగతి చదువుతున్న తన కుమార్తెకు కంప్యూటరు కొనాలనుకొని నాకు ఫోను చేశాడు. “మామయ్యా, కొత్తది ఏదైనా వస్తుందేమో, ఆగమంటారా?” అని నవ్వుతూ అడిగాడు. “పాపకు ఏ పనికి కావాలి? ఎప్పటికి కావాలి?” అని అడిగాను. 2005లో బావగారిని అడగవలసిన ప్రశ్నలు అవే.